కాలికి రావలసిన పాఠము

అక్షరములు నేర్పుటకు పలక కలదు, ఎక్కములు నేర్పుటకు వల్లెవేత కలదు; రోడ్డు దాటుట నేర్పుటకు మాత్రము రోడ్డు తప్ప వేరొక ఉపకరణము లేదని, పటాన్‌చెరు చెంతనున్న చిట్కుల్‌లో చిన్నపిల్లల చేతులు పట్టుకొని ఈ విద్యను నేర్పుచున్నకొలది నాకు దృఢపడుచున్నది. గోడకు అంటించిన పటములోని జీబ్రా చారలను పిల్లవాడు వ్రేలితో చూపగలడు. మొదట కుడివైపు, పిమ్మట ఎడమవైపు, మరల కుడివైపు చూడవలెనని తడుముకొనక అప్పగింపగలడు. ఆ పిల్లవాడే బడి విడిచిన మరుక్షణమున రోడ్డుకు ఆవలి అంచున తండ్రి కనబడినంతనే సర్వమును మరచి పరుగెత్తును. నోటికి వచ్చిన పాఠము ఇంకను కాలికి రాలేదు.

మా ప్రాంతమున ఈ బోధన మరింత దుష్కరము. పుణె నుండి మచిలీపట్టణమునకు సాగు 65వ నంబరు జాతీయ రహదారి పటాన్‌చెరు, ఇస్నాపూర్‌ల మీదుగా సంగారెడ్డి వైపు పోవుచుండగా, పాశమైలారపు కర్మాగారములకు సరుకు మోయు లారీలును, రసాయనముల ట్యాంకర్లును, షిఫ్టులకు మనుష్యులను చేరవేయు కంపెనీ బస్సులును, వాని సందులలో దూరిపోవు ఆటోలును మోటారు సైకిళ్లును ఎడతెరపి లేక సంచరించు ఈ సీమలో, మోకాలెత్తు బిడ్డకు పుస్తకములోని సూత్రము సంపూర్ణ రక్షణ కాజాలదు. మన దేశమున వాహనములు ఎడమ ప్రక్కగా నడచును గాన తొలుత కుడివైపు చూడవలెననుట యుక్తమే. కాని దూరమున నున్న యూటర్న్ వరకు పోవుటకు ఓపిక చాలని మోటారు సైకిలువాడు రాంగ్ రూట్‌లో, రోడ్డు అంచు వెంబడి, సరిగా పిల్లలు నిలిచియున్న చోటికే వచ్చును. అందుచేత కుడి యెడమల క్రమమునకు ముందుగా నేను చెప్పునది వేరొకటి: "బండ్లు వచ్చే దిక్కు చూడు, రాకూడని దిక్కు గూడ చూడు." ఒడిశా నుండియు బిహారు నుండియు పనికై వచ్చిన కార్మికుల బిడ్డలు ఈ వాక్యము అర్థము కాక నా ముఖము వంక చూతురు, వారికొరకు మెడను అటునిటు త్రిప్పి చూపుదును. భాష రానివారికి చేసి చూపగా చూపగా, భాష వచ్చినవారికి సైతము చేసి చూపుటయే మేలని నాకు తెలిసినది.

చూచుట వేరు, చూచినదానిని గ్రహించుట వేరు. 1960లలో స్వీడను దేశపు మనస్తత్వశాస్త్రవేత్త స్టినా సాండెల్స్ పసిపిల్లలను రోడ్ల చెంత పరిశీలించి, ఎంత బోధించినను చిన్న బిడ్డను వాహనముల ప్రపంచమునకు సంపూర్ణముగా అనుగుణముగా మలచజాలమనియు, ఆ ప్రపంచమే బిడ్డకు అనుగుణముగా మారవలెననియు వాదించెను. లండన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు, ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లల దృష్టి గంటకు 32 కిలోమీటర్లకు మించిన వేగముతో సమీపించు వాహనపు రాకను ఒక్కొకప్పుడు పసిగట్టజాలదని 2011లో ప్రకటించిరి. ఈ విషయమును మా రోడ్డు మీద నిలిపి చూడుడు. ఏడు మీటర్ల వెడల్పు గల దారిని బిడ్డ సెకనుకొక మీటరు చొప్పున దాటుటకు ఏడు సెకనులు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ ఆ ఏడు సెకనులలో సుమారు 117 మీటర్లు గడచును. అనగా బిడ్డ తొలి అడుగు వేయునపుడు వాని కంటికి బొమ్మవలె నిశ్చలముగా తోచిన లారీయే, వాడు ఆవలి అంచు చేరకమునుపే వాని మీదికి రాగలదు.

ఈ దూరమును మాటలతో తెలుపుట అసాధ్యము. ఎడింబరో విశ్వవిద్యాలయపు డేవిడ్ లీ తన సహచరులతో కూడి 1984లో ప్రకటించిన పద్ధతి నాకు పరమోపకారి యైనది. నిజమైన రోడ్డు ప్రక్కనే, సురక్షితమగు స్థలమున, అంతే వెడల్పు గల కల్పిత రోడ్డును గీచి, నిజమైన రోడ్డు మీది వాహనములను చూచుచు పిల్లలచేత కల్పిత రోడ్డును దాటింతురు. ఊరి లోపలి దారి ప్రక్క ఖాళీ జాగాలో సున్నముతో రెండు గీతలు గీచి, పిల్లవాని మణికట్టు పట్టుకొని (వ్రేళ్లు పట్టుకొన్నచో క్షణములో జారిపోవును) నేను అడుగుదును: "ఎప్పుడు పోదాం? నువ్వే చెప్పు." వాడు "ఇప్పుడు పోదాం సార్!" అని కదలును. ఆవలి గీతను తొక్కకముందే ప్రక్కనున్న రోడ్డుపై ఆటో మమ్ము దాటిపోవును. "ఆటో మనకు తాకుతుండెనా, లేదా?" అని అడుగగా వాడు తల వంచి ఆలోచించును. ఆ ఆలోచన కొరకే నేను సున్నము గీచుచున్నాను. పెద్దవారు చెప్పినప్పుడు కదలుట విధేయత మాత్రమే. తన తీర్పు తప్పైనదని తానే కనుగొనుటలో విద్య ఆరంభమగును.

ఆగియున్న లారీల సంగతి విడిగా చెప్పవలయును. కర్మాగారముల చుట్టుపట్ల రోడ్డు అంచులను లారీలు ఆక్రమించుకొని యుండును. వాని చాటునుండి రోడ్డు మీదికి దిగు బిడ్డ వచ్చు బండివానికి కనబడడు, ముందుభాగమునకు మరీ చేరువగా నిలిచినచో ఆ లారీ డ్రైవరుకు సైతము కనబడడు. "డ్రైవర్ మొకం నీకు కనబడకపోతే నువ్వు ఆయనకు కనబడవు" అను మాటను పిల్లలు తక్షణమే పట్టుకొందురు, ఏలయన దాగుడుమూతలాట వారికి బాగుగ తెలియును. వీలైనంతవరకు ఆగిన బండి జోలికి పోక వేరొకచోట దాటుమందును. గత్యంతరము లేనప్పుడు దాని వెలుపలి అంచు దగ్గర ఆగి, తొంగిచూచి, మరల ఆగవలెను. సంక్రాంతి నెలలో మరొక పాఠము చేరును. తెగిన పతంగి వెంట పరుగెత్తు బిడ్డ కన్నులు ఆకాశమందుండును. ఆ దినములలో ఏ సూత్రమును వాని చెవికెక్కదు గాన, పతంగులు ఎగురవేయు చోటును రోడ్డుకు దూరముగా ఏర్పాటు చేయుటయే పెద్దలు చేయదగిన పని.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా వారిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రహదారి రవాణా శాఖ ప్రకటించినది. కాలిబాట పాదచారుల హక్కనియు, అది రాజ్యాంగములోని 21వ అధికరణమునందు అంతర్భాగమనియు 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఆ హక్కు మా పిల్లల పాదముల క్రిందికి వచ్చువరకు, కాలిబాట లేనిచోట కుడి అంచున, ఎదురుగా వచ్చు బండ్లను చూచుచు, ఒకరి వెనుక నొకరుగా నడువుడని చెప్పుచున్నాను. చెప్పునపుడెల్ల నా మనస్సు నొచ్చుకొనుచున్నది: నిర్మింపవలసిన కాలిబాటకు బదులుగా ఏడేండ్ల బిడ్డ జాగ్రత్తను నిలుపుచున్నామే యని.

తల్లిదండ్రులిరువురును షిఫ్టులో నుండు ఇండ్లలో చిన్నవానిని బడికి తీసికొనిపోవునది పదేండ్ల అక్క. కావున ఇప్పుడు నా పాఠము మొదట ఆమెకే. తమ్ముని మణికట్టు పట్టుకొని, బండ్లు వచ్చు ప్రక్క తాను నిలిచి, నడిరోడ్డున వాడు చెప్పు విడిచినను వంగి తీయక ముందు అంచు చేరవలెనని ఆమెచేత సున్నపు గీతల నడుమ మరల మరల చేయించుచున్నాను. "చెప్పు పోతే అమ్మ కొడ్తది సార్" అని ఆమె అనును. అది నిజమైన భయము. ఆ భయము తీర్చుటకై సాయంకాలము షిఫ్టు దిగి వచ్చిన తల్లుల వద్దకు పోయి, చెప్పు పోగొట్టుకొని వచ్చిన బిడ్డను కోపింపవద్దని చెప్పివచ్చుచున్నాను.