పేజీలోంచి చింపిన బొమ్మలు

ఉద్యోగరీత్యా వారానికో ఊరు తిరిగే నాలాంటి కన్సల్టెంట్లకి ఇంగ్లండులోని పాత హోటళ్ళు బాగా తెలుసు. మెట్ల పక్క గోడమీదో, పొద్దున్న ఫలహారం పెట్టే గదిలోనో ఫ్రేము కట్టిన రంగులబొమ్మ ఒకటి తరచు కనిపిస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు, నేలంతా పరుచుకున్న పావడాలు, గుప్పిట్లో పట్టే నడుములు. ఒకరి చేతిలో విసనకర్ర, మరొకరి చేతిలో ఉత్తరం. కింద చిన్న అక్షరాల్లో ఏవో ఫ్రెంచి మాటలు. విక్టోరియా రాణి కాలం (1837-1901) అనగానే ఇక్కడి వాళ్ళకీ, బయటినుంచి వచ్చిన మనకీ మనసులో మెదిలే స్త్రీ ఈవిడే.

నిజానికి ఇవి గోడకోసం వేసిన బొమ్మలు కావు. ఆనాటి స్త్రీల పత్రికల్లో వచ్చినవి. తర్వాతి కాలంలో వ్యాపారులు బైండు చేసిన పాత సంపుటాల్లోంచి వీటిని కోసి విడివిడిగా అమ్ముకున్నారు. బొమ్మ మిగిలింది, దాని పక్కపేజీ పోయింది. నా ఫిర్యాదల్లా అదే. ఈ బొమ్మల్ని చింపి చూసినంతకాలం మనకి బట్టలే కనిపిస్తాయి, ఆడవాళ్ళ బతుకులు కనిపించవు. తిరిగి వాటి పేజీలో పెట్టి చూస్తే, గీసినవాళ్ళు చెప్పదలుచుకోని సంగతులు కూడా బయటపడతాయి.

ముందు ఈ ఫాషన్ ప్లేట్ల సంగతే చూద్దాం. శామ్యూల్ బీటన్ అనే ప్రచురణకర్త 1852లో 'ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మేగజైన్' అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. వెల రెండు పెన్నీలు, మధ్యతరగతి గృహిణికి అందే ధర. 1860లో అతనూ, భార్య ఇసబెల్లా పారిస్ వెళ్ళి, గూబో అనే ఫాషన్ పత్రికల యజమానితో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఏడాదినుంచి వెల ఆరు పెన్నీలయింది, జూల్ దవీద్ గీసిన రంగుల ప్లేట్లు రావడం మొదలయింది. అచ్చయిన ప్రతులమీద చేత్తో రంగులద్దేవారు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే.

ఈ ప్లేట్లలో స్త్రీలు నిలబడతారు, కూర్చుంటారు, తోటలోకి చూస్తారు. పని చెయ్యరు. పక్కన ముచ్చటైన పిల్లలుంటారు గాని, కడుపుతో ఉన్న మనిషి మాత్రం కనిపించదు. ఆ పత్రికలో ఫాషన్ శీర్షిక రాసిన ఇసబెల్లా బీటన్, 1861లో వచ్చిన గృహనిర్వహణ పుస్తకంతో ఇంటింటి పేరైన ఆ ఇసబెల్లా, నలుగురు పిల్లల్ని కంది. మొదటి ఇద్దర్నీ పసితనంలోనే పోగొట్టుకుంది. నాలుగో కాన్పు తర్వాత 1865 ఫిబ్రవరిలో బాలింత జ్వరంతో చనిపోయింది. అప్పటికి ఆమెకి 28 ఏళ్ళు. ఆమె ఏరికోరి తెచ్చిన బొమ్మల్లో అలాంటి బతుక్కీ, అలాంటి చావుకీ కూడా చోటు లేదు.

అలాగని ఆ ప్లేట్లు ఒట్టి అబద్ధాలని కొట్టిపారెయ్యలేను. పత్రికతోపాటు గౌను కత్తిరించుకునే కాగితం నమూనాలు కూడా దొరికేవి. ఎక్కడో చిన్న ఊళ్ళో ఉన్న గృహిణి ఆ బొమ్మ చూసి, నమూనా గుడ్డమీద పరుచుకుని, తనే కుట్టుకునేది, లేదా కుట్టించుకునేది. మా వృత్తిలో ఇలాంటిదాన్ని స్పెసిఫికేషన్ అంటాం. ఉన్నదాన్ని చూపించదు, చెయ్యాల్సినదాన్ని చూపిస్తుంది. పైగా ఇదంతా మగవాళ్ళ కల్పన అనడానికీ లేదు. పారిస్‌లో ఈ ప్లేట్లు గీసినవాళ్ళలో పేరెన్నికగన్న ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు: ఎలోయీజ్ లెల్వార్, అనయీస్ తూదూజ్, లోర్ నోయెల్. బొమ్మ అమ్మి కుటుంబాన్ని పోషించుకున్న స్త్రీ, ఏ పనీ చెయ్యని స్త్రీని గీసిందన్నమాట.

స్త్రీల పత్రిక ముచ్చటగా చూపించిన ఆ పావడానే మగవాళ్ళ హాస్యపత్రిక మరోలా చూపించింది. 1856లో ఉక్కు కమ్మీలతో చేసిన క్రినోలిన్ వచ్చింది. చూడ్డానికి పక్షి పంజరంలా ఉంటుంది, దానిమీద పావడా పరుస్తారు. 'పంచ్' పత్రికలో జాన్ లీచ్ తదితరులు దీనిమీద వేసిన కార్టూన్లకి లెక్కలేదు. గుమ్మంలో పట్టని ఆడవాళ్ళు, బండి ఎక్కలేని ఆడవాళ్ళు, భార్య పక్కన నిలబడ్డానికి చోటు లేని భర్తలు. ఇప్పటికీ నవ్వొస్తుంది. కాని ఒక్క సంగతి ఆ కార్టూన్లు చెప్పవు. అంతకుముందు అదే వెడల్పు రావాలంటే ఆడవాళ్ళు ఒకదానిమీద ఒకటి బరువైన లోపావడాలు వేసుకోవాల్సి వచ్చేది. ఉక్కు పంజరం ఆ బరువు తగ్గించింది, కాళ్ళకి కాస్త గాలీ ఆడింది. ఇక దానివల్ల వచ్చిన అసలు ప్రమాదం నవ్వులాట కాదు. పొయ్యి పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఆ వెడల్పాటి గుడ్డకి నిప్పంటుకుని ఎందరో చనిపోయారు.

ఈ కార్టూన్లలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి పనిమనుషులమీద వేసినవి. క్రినోలిన్ చౌకగా తయారై పనిమనుషులకీ, మిల్లు పిల్లలకీ అందుబాటులోకి వచ్చింది. 1860లో కోర్టాల్డ్స్ బట్టల కంపెనీ తన కార్మికులని క్రినోలిన్ ఇంటిదగ్గర వదిలి రమ్మని ఆదేశించింది. యంత్రాల మధ్య తిరిగేవాళ్ళకి ఆ జాగ్రత్త అవసరమే అనుకోవచ్చు. 'పంచ్' మాత్రం ఆ పిల్లల వేషాన్ని చూసి నవ్వింది. పంజరం కట్టుకున్న పనిమనిషిని చూస్తే అమ్మగారెవరో, పనిపిల్ల ఎవరో పోల్చుకోవడం కష్టమవుతోంది. ఆ కార్టూన్ల నవ్వు వెనక ఉన్న కంగారు అదే.

కథలకి వేసిన బొమ్మల దారి వేరు. 1860లో 'కార్న్‌హిల్ మేగజైన్'లో ఆంథొనీ ట్రాలొప్ నవల 'ఫ్రామ్లీ పార్సనేజ్' ధారావాహికగా వచ్చింది. మిలే దానికి బొమ్మలు వేశాడు. తనని కోరిన ప్రభువుతో మీమీద ప్రేమలేదని అబద్ధం చెప్పిన లూసీ, గదిలోకి వచ్చి మంచంమీద వాలిపోయిన సన్నివేశం ఒకటుంది. బొమ్మ నిండా ఆమె గౌను కుచ్చిళ్ళే, మొహానికి దక్కిన చోటు చాలా తక్కువ. ట్రాలొప్ మండిపడి ప్రచురణకర్తకి ఫిర్యాదు చేశాడు. తర్వాత అచ్చం అలాంటి గౌను ఒకటి కళ్ళారా చూసి చల్లబడ్డాడు. నాకు మాత్రం ఆ బొమ్మలో మిలే చేసింది సరిగానే ఉందనిపిస్తుంది. మర్యాదకోసం వేసుకున్న బట్ట, ఏడుపొచ్చినప్పుడు మనిషికి అడ్డం పడుతోంది. ఫాషన్ ప్లేటులో నిటారుగా నిలబడ్డ గౌను ఇక్కడ నలిగింది.

పద్నాలుగేళ్ళ తర్వాత అదే పత్రికలో హార్డీ నవల 'ఫార్ ఫ్రమ్ ద మాడింగ్ క్రౌడ్'కి బొమ్మలు వేసిన హెలెన్ పాటర్సన్‌ది మరో చూపు. 1874 జనవరి నాటికి ఆమెకి పాతికేళ్ళు. బొమ్మలు గీసి తన సంపాదన తను సంపాదించుకుంటున్న మనిషి. పొగకి ఊపిరాడక పడిపోయిన కాపరి మెడగుడ్డని వదులుచేస్తున్న అమ్మాయి ఆమె వేసిన మొదటి బొమ్మ. ఆ చేతుల్లో విసనకర్ర లేదు, ఒక ప్రాణం ఉంది.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన బొమ్మ 1863 జులై 4న 'పంచ్'లో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో యువరాజు పెళ్ళయింది. కొత్త కోడలు అలెగ్జాండ్రా రాకతో లండన్‌లో విందులు, నృత్యాలు జోరందుకున్నాయి. రీజెంట్ స్ట్రీట్‌లో గొప్పింటి దుస్తులు కుట్టే దుకాణంలో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి జూన్‌లో చనిపోయింది. దాదాపు అరవైమంది అమ్మాయిలతో కలిసి ఏకధాటిగా 26½ గంటలు కుట్టిందని మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో నమోదు చేశాడు. టెనియల్ (రెండేళ్ళ తర్వాత 'ఆలిస్' బొమ్మలతో లోకమంతా ఎరిగినవాడు) ఈ చావుని కార్టూన్‌గా వేశాడు. కొత్త గౌను వేసుకున్న దొరసాని అద్దంలో చూసుకుంటోంది. వెనక దుకాణం యజమానురాలు వినయంగా నిలబడి ఉంది. అద్దంలో మాత్రం కుర్చీలో కూలబడిన కుట్టుపిల్ల కనబడుతోంది.

గొప్ప ఊహ, సందేహం లేదు. ఫాషన్ ప్లేటు దాచిన మనిషిని ఫాషన్ ప్లేటు భంగిమలోనే బయటపెట్టాడు. అయినా నాకో పేచీ ఉంది. బొమ్మలో ఉన్న ముగ్గురూ ఆడవాళ్ళే. చంపింది ఆడదాని షోకు, చచ్చింది ఆడది, మధ్యలో డబ్బు చేసుకున్నదీ ఆడదే. కొత్త గౌను లేకుండా గడప తొక్కనివ్వని దర్బారు, బిల్లు కట్టే భర్త, పనిగంటలకి హద్దు పెట్టని చట్టసభ, ఎవరూ ఆ అద్దంలో లేరు. చనిపోయిన పిల్లకి పేరుంది. బొమ్మలో ఆమె దొరసానికి కనబడ్డ దయ్యం మాత్రమే.

ఆ అద్దంలోకి ఎక్కని మరికొందరి ఊసు మనకి దగ్గరిది. ఆనాటి ఇంగ్లిషు స్త్రీల లోదుస్తులకి, రాత్రిపూట బట్టలకి వాడే మెత్తటి తెల్లగుడ్డ ఒకదాని పేరు మాడపొల్లం. అది మన నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం. ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దంలోనే అక్కడ బట్టల స్థావరం పెట్టింది. విక్టోరియా కాలానికి ఆ పేరుతో లాంకషైర్ మిల్లులే గుడ్డ తయారుచేశాయి. గోదావరి ఒడ్డున మగ్గాలు నేసిన చేతుల్ని మర్చిపోయి, ఊరి పేరు మాత్రం గుడ్డకి ఉంచుకున్నారు. ఫాషన్ ప్లేటులో పైగౌనుకి పారిస్ పేరుంటుంది. దానికింద, ఎప్పుడూ కనబడని పొరకి మన పేరు.

ఇప్పుడు ఈ పత్రికల్లో చాలా సంపుటాలు స్కాన్ అయి ఇంట్లో కూర్చుని చదువుకునే వీలొచ్చింది. కాని బొమ్మకోసం వెతికితే కంప్యూటర్ చేసేదీ పాత వ్యాపారి చేసినదే: పక్కపేజీ కత్తిరించి బొమ్మ ఒక్కటీ ఇస్తుంది. ఆ కత్తెర నా వృత్తివాళ్ళదే కాబట్టి ఒక మాట చెప్పే హక్కు ఉందనుకుంటాను. బొమ్మ నచ్చితే ఆ సంచిక మొత్తం తెరవండి. వెనకపేజీలో ఓ వంటకం ఉండొచ్చు, గౌను కత్తిరింపు ఉండొచ్చు, పాఠకురాలి ఉత్తరం ఉండొచ్చు. ఆ గౌనులో మనిషి కనబడేది అక్కడే.