పట్టపగటి సైరను

గోదాములలో బస్తాలు మోయువారికి, కాపలావారికి, నిప్పంటుకొన్నపుడు ఏ ద్వారమున ఎట్లు వెలుపలికి రావలెనో అభ్యాసము చేయించుట నా జీవనోపాధి. కలకత్తాలోని ఏక్‌బాల్‌పూరులో కాపురముండి, పని మీద ఖిదిర్‌పూర్ రేవు వైపు నడచునప్పుడెల్ల, నా విద్యకు మూలసూత్రము ఏ గ్రంథమునందును దొరకదనియు, ఎనుబది యేండ్లకు పూర్వము ఒక ఆదివారమునాడు ఈ రేవుగోడల లోపలనే అది వెల్లడియైనదనియు నాకు తోచుచుండును.

1942 డిసెంబరు 20వ తేదీ రాత్రి జపాను విమానములు మొదటిసారి కలకత్తాపై బాంబులు వేసినవి. ఆ వారమంతయు వెన్నెల రాత్రులే. అవి మరల మరల వచ్చినవి. జనము మూటాముల్లె నెత్తిన పెట్టుకొని ఊరు విడిచి పరుగెత్తిరి. నిలిచినవారు దీపములకు నల్లని తొడుగులు వేసి, కిటికీ అద్దములకు కాగితపు పట్టీలంటించి, చంద్రుడు నిండుచున్న కొలదిని గుండె చిక్కబట్టుకొనుట నేర్చిరి. మరుసటి జనవరిలో, చీకటిలో శత్రువును వెదకి పట్టగల బ్యూఫైటర్ విమానములు వచ్చినవి. 15వ తేదీ రాత్రి ప్రింగ్ అను సార్జెంటు కొలది నిమిషములలో మూడు బాంబరులను కూల్చెను. అటుపిమ్మట ఆకాశము నెమ్మదించినది. ఆ యేట వంగదేశమున లక్షలమందిని పొట్టనబెట్టుకొన్నది కరవు. వీధి యరుగులపై శవములు పడియుండగా తలయెత్తి ఆకాశము వంక చూచు తీరిక ఎవరికుండును?

1943 డిసెంబరు 5వ తేదీ ఆదివారము, మధ్యాహ్నము కావచ్చు వేళ, ఎండ కాయుచుండగా జపాను విమానములు వచ్చినవి. మొదట సైన్యమువి, పిదప నౌకాదళమువి, రెండు విడతలుగా వచ్చి ఖిదిర్‌పూర్ రేవుపై బాంబులు కురిపించినవి. వానిని ఎదుర్కొనుటకు క్రొత్తగా దిగిన స్పిట్‌ఫైరు విమానములు చిట్టగాంగు ప్రాంతముననున్నవి. అవి సమయమునకు అందలేదు. గత్యంతరము లేక, రాత్రిపోరుకై సిద్ధపరచిన బరువైన హరికేను విమానములను సైతము పట్టపగలు పైకి పంపిరి. ఆనాడు కూలినవారిలో ఆ ప్రింగ్ కూడ నొకడు. రాత్రి యుద్ధమున అంతటి పేరు గడించినవాడు, తన విద్య కొరగాని వేళ పోరవలసివచ్చి ప్రాణము విడిచెను. క్రింద రేవులో చచ్చినవారు వందల సంఖ్య. వారిలో అధికులు కూలీలు. వారి పేర్లు ఎవరికిని తెలియవు.

యుద్ధమునుండి జీవితపాఠములు ఏరుకొను అలవాటు నాకంతగా రుచింపదు. పరుల చావునుండి నీతి పిండుకొనుట సులభము, అందులో కొంత సిగ్గులేనితనమును గలదు. ఐనను ఈ యొక్క సంగతిని మాత్రము నేను విడువలేకున్నాను. నగరమునకు అపాయము తెలియకపోలేదు; సైరనులు, కందకములు, వార్డెనులు అన్నియు నుండెను. తెలిసిన యపాయము తెలిసిన వేళకే వచ్చునని నమ్మినారు, అంతే. క్రితపు దెబ్బ ఎటునుండి తగిలెనో అటే కావలి కాచుట మనుష్యస్వభావము. కొట్టువాడు దానిని మనకంటె బాగుగ నెరుగును.

దీనికి విపర్యయమైన దోషము మన తీరమున జరిగినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేయగా, నష్టము స్వల్పమే యైనను విశాఖ చాలవరకు ఖాళీయయ్యెను. కొలది దినములకే మద్రాసు ప్రభుత్వము సైతము కచేరీలు కట్టుకొని పట్టణము విడిచెను. అక్కడ బాంబుకంటె వదంతి బలమైనది. నా మట్టుకు నేను పారిపోయినవారిని నిందింపను, ప్రాణము తీపి.

నాటి కందకములను త్రవ్వినవారి తెలివి చూడుడు: కొంత దూరమునకొక మలుపు త్రిప్పి త్రవ్వెడివారు. ఒక మూల బాంబు పడినచో పేలుడు తిన్నగా సాగక ఆ మలుపుననే గోడకు కొట్టుకొని ఆగిపోవును. ఎక్కడ పడునో తెలియదని ఒప్పుకొన్నవాడు మాత్రమే అట్లు త్రవ్వును. నేనును నా అభ్యాసపు గంటను ఆ తీరుననే నియతమైన వేళ యనునది లేకుండ, ఒకనాడు తెల్లవారుజామున, ఒకనాడు జీతముల వేళ, ఒకనాడు వర్షములో మ్రోగింతును.

ఇటీవల ఒక గోదాములో భోజనముల వేళ మ్రోగించితిని. అచ్చటి మేస్త్రీ శ్రీకాకుళము ప్రాంతపువాడు. అతని తాత జనపనార మిల్లు పనికై వచ్చి ఇచ్చటనే స్థిరపడెనట. అతడు ఎంగిలిచేతితోనే లేచి, "ఏటి బాబూ, కంచం ముందు కూసున్నాక ఈ గంటేటి? మంట మాత్తరం కూడు తినీదాక ఆగదా?" యని కసరెను. అందరును నవ్వుచు వెనుక తలుపు వద్దకు పోయిరి. తలుపునకు తాళము. తాళపుచెవి కాపలావాని మొలత్రాట నున్నది. కాపలావాడు వీధి చివర హోటలులో నున్నాడు. మునుపు ప్రతి సోమవారము పదునొకండు గంటలకు అభ్యాసము జరిపిన దినములలో వాడు తలుపు కడనే నిలిచియుండెడివాడు గనుక ఈ సంగతి ఎన్నడును బయటపడలేదు.

ఇప్పుడు తలుపు ప్రక్కనే ఒక మేకు కొట్టించి తాళపుచెవిని దానికి తగిలించితిమి. మేస్త్రీ కోపము మాత్రము చల్లారలేదు. "ఈసారెప్పుడో సెప్పండి బాబూ, ఆ పూట పెందలాడే తినెత్తాం" అని నన్ను చూచినపుడెల్ల అడుగుచున్నాడు. నేను చెప్పుట లేదు.