పండుగకు ముందటి పని

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి చేలలో పప్పుశనగ యింకను పూతపిందెల మీద నుండగనే క్రిస్మస్ వచ్చును. అక్టోబరులో విత్తిన పైరు ఫిబ్రవరికి గాని యింటికి చేరదు గనుక, మా సీమలో ఇది చేతిలో పైకము తక్కువగాను, చేయవలసిన వ్యయము ఎక్కువగాను ఉన్న వేళ వచ్చు పండుగ. పిల్లలకు కొత్త గుడ్డలు, గోడలకు సున్నము, పుట్టింటికి వచ్చు ఆడబిడ్డలకు చీరెలు, వీనిలో ఏదియు మానదగినది కాదు. డిసెంబరు చివరి వారమున మంచివారి నోట సైతము పరుషవాక్కులు ఏల వెలువడునని విచారించినపుడు, మనుష్యుల దుస్స్వభావముకంటె సన్నాహలోపమే ప్రబలమైన హేతువుగా నాకు కనబడుచున్నది.

అమర్యాదలన్నింటిలోను నాకు మిక్కిలి బాధాకరమైనది పండుగనాడు పదిమందిలో బాకీ అడుగుట. అప్పిచ్చినవాని అవసరము నిజమే కావచ్చును. అయినను కొత్తబట్టలు తొడుగుకొని చర్చి ముంగిట నిలిచిన పిల్లల యెదుట వారి తండ్రిని నిలదీయుట క్రూరకార్యము. బాకీపడినవాడు పదిదినములు ముందుగనే తానై అంగడికి పోయి, "శెనగలు అమ్మినంక ఇస్తా సామీ, అంతవరకు ఓపిక పట్టండి" అని చెప్పుకొనినచో, ఆ క్షణమున తల వంచవలసివచ్చినను, పండుగనాటి పరాభవము తప్పిపోవును. అంగడివాడును ఆ మాటకు కట్టుబడి నోరు మెదపకుండుట అతని వంతు సన్నాహము.

మా వీధిలో ఒక పెద్దమ్మ కలదు. కజ్జికాయలకు పిండి కలుపుటకు వారము ముందే ఆమె నోట్లు మార్పించి, పదిరూపాయల కాగితములను ఒక బిస్కట్ల డబ్బాలో పేర్చును. చెత్తబండి మనిషికి, పాలవానికి, రాత్రివేళ పాటలు పాడుచు వచ్చు పిల్లలకు అందులోనుండియే తీసి యిచ్చును. ఇరుగుపొరుగులకు పంపవలసిన పొట్లములు ముందునాటి సాయంకాలమే కట్టి, గుడ్డు తగిలిన కేకు ముక్క శాకాహారుల పొట్లములో పడకుండ వేరొక పళ్ళెమున అమర్చి, ఏది ఎవరిదో మనుమరాలిచేత పేర్లు వ్రాయించును. ఇంత శ్రమ ఎందుకని నేనడిగితిని. "వచ్చినోళ్ళ ముందర ఎతుక్కుంటా ఉంటే మొగం మాడతాదప్పా. మాడిన మొగంతో పెడితే పెట్టినట్టా?" అని ఆమె పొట్లమునకు దారము బిగించెను.

ఆ మాటలోని సత్యము నాకు నంద్యాల బస్టాండులో ప్రత్యక్షమైనది. పండుగ ముందునాడు కిక్కిరిసిన బస్సులో, ఆళ్ళగడ్డకు పోవు ముసలిరైతు ఐదువందల నోటు చాచగా, ఉదయమునుండి అట్టి నోట్లే చూచుచు అన్నమైనను తినక నిలిచియున్న కండక్టరు కసిరెను, రైతు తిట్టెను, చుట్టునున్నవారు రెండు పక్షములుగా చీలిరి. వెనుక సీటులోని కాలేజీ పిల్లవాడు తన సంచిలోని చిల్లర లెక్కించి నోటు మార్చియిచ్చుటతో అంతయు శాంతించెను. వారిలో ఎవ్వరును దుర్మార్గులు కారు.

కరువుసీమవారికి ముందటి సన్నాహపు విలువను ఎవరును నేర్పనక్కరలేదు. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నము పెట్టి, విక్టోరియా మహారాణి బంగారు పతకమును పొందెను. ఆయన దాతృత్వమును కొనియాడని పల్లె యిక్కడ లేదు. కాని వేలమందికి గంజి కాచుటకు ధాన్యము, కట్టెలు, నీళ్ళు, గంగాళములు, విసుగుకొనక వడ్డించు చేతులు ఎంత ముందుగా సమకూర్చుకొనవలెనో తలచుకొనువారు అరుదు. నాకు ఆయన దయతోపాటు ఆ ఏర్పాటు కూడ పూజ్యముగా తోచును. క్రిస్మస్‌కు ముందటి నాలుగు ఆదివారములను ఆగమనకాలముగా సంఘపు పెద్దలు ఏర్పరచుటలోను ఇట్టి వివేకమే కలదు.

వస్తువులను సిద్ధపరచుకొనుట సులభము. మాటను సిద్ధపరచుకొనుటయే కష్టము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో అనేకులు దానిలో చేరక వేరుగా నిలిచిరి. 1963లో వారికి నంద్యాల అధ్యక్షఖండము ప్రత్యేకముగా ఏర్పడెను. 1975లో గాని అది ఆ సంఘమున కలియలేదు. ఇరువదియెనిమిది క్రిస్మసులు గడచినవన్నమాట. ఒకే శిశువు జననమును స్తుతించువారికి సైతము ఒకరి చెంతకు ఒకరు వచ్చుటకు అంతకాలము పట్టినపుడు, గట్టు తగవుతో మాటలు మానిన దాయాదులు చర్చి గుమ్మమున ఎదురుపడిన క్షణములో తగిన పలుకు తనంతట నాలుకకు వచ్చునని నమ్ముట దురాశ. ఎదురుపడకముందే దానిని వెదకుకొనవలెను.

మా పెదనాయన కుమారునితో మాకు అట్టి తగవే కలదు. బోరు నీటి విషయమై మొదలైనది. ఎవరిది న్యాయమో ఇక్కడ వ్రాయను. పండుగనాటి సందడిలో తప్పించుకొని తిరుగుట ఇరువురికిని సులభమగును గనుక, ఈ యేడు ఇరువదినాలుగవ తేదీ ఉదయమే, అతడు చేనికి బయలుదేరకముందే పోవలెనని నిశ్చయించుకొంటిని. చేతిలో కజ్జికాయల పొట్లముండును. "బాగుండావా అన్నా, వదిన మోకాలు ఎట్లుంది?" అని అడుగుదును. బోరు ఊసు ఎత్తను. అతడెత్తినను ఆ దినమున బదులు చెప్పను. తలుపు తీయకపోయినచో పొట్లమును వదిన చేతికైన నిచ్చి వచ్చెదను.