శివారు మడికి నీరు

హరిశ్చంద్రపురం, టెక్కలి వైపు రైతులకు శివారు ఆయకట్టు గోడు ఒకరు చెప్పాలా? వంశధార ఎడమ కాలువకు నీళ్లు వదిలారన్న కబురు ముందొస్తుంది, నీళ్లు ఎప్పటికో వస్తాయి. దారిలో నేల తాగినంత తాగుతుంది, గండి పడినచోట పోయినంత పోతుంది. మిగిలిందే చివరి మడికి.

మెదడులోని నాడీకణానిదీ అదే గోడు. చెట్టులా కొమ్మలేసిన ఆ కణంలో, కొమ్మ చివర తగిలిన చిన్న విద్యుత్ సంకేతం మొదలు దాకా వచ్చేలోపు పొరలోంచి కారి పలచబడిపోతుంది. ఎంత పలచబడుతుందో విల్ఫ్రిడ్ రాల్ 1950ల చివర లెక్కగట్టాడు. 1964లో ఇంకో ఉపాయం చూపాడు: కణాన్నంతటినీ ఒక్క సమీకరణంలో ఇరికించకుండా మడులుగా కోసెయ్యడం. ప్రతి మడికీ మూడే ప్రశ్నలు. పక్క నుంచి ఎంత వచ్చింది, పక్కకు ఎంత పోయింది, పొరలోంచి ఎంత కారింది? జవాబులు కూడి, కాలాన్ని పిసరంత ముందుకు జరిపి, మళ్లీ అవే ప్రశ్నలు. పరిశోధకులు విరివిగా వాడే ‘న్యూరాన్’ సాఫ్ట్‌వేర్, మనం వేరే చెప్పకపోతే, మిల్లీసెకనులో నలభయ్యో వంతుకొకసారి ఈ లెక్క వేస్తుంది. గణన నాడీశాస్త్రమనే పెద్ద పేరు వెనక రోజువారీ పనిలో ఒక భాగం ఇదే.

కారడం ఒక్కటే అయితే కథ ఇంత దూరం రాదు. పొరకు తూములున్నాయి, వాటి తలుపులెత్తేది వోల్టేజి. సోడియం తూము చటుక్కున తెరుచుకుని మూసుకుంటుంది, పొటాషియం తూము నిదానం మనిషి. ఆ వ్యవధి తేడాలోంచే నాడీ స్పందన పుడుతుంది. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరపుపోగు మీద కొలతలు తీసి, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ఈ తూముల సమీకరణాలు అచ్చువేశారు. ఆ లెక్కకు కావలసిన కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్‌ను అప్పుడు మార్పుల కోసం ఆపేశారు. పాపం, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని వారాల తరబడి పిడి తిప్పాడు. అన్నట్టు, తూములను అప్పటికి ఎవరూ చూసింది లేదు. కణపొరలోని ఒక్క తూములోంచి పారే విద్యుత్తును నేహర్, సాక్‌మన్ కొలిచింది 1976లో!

తర్వాతి తరం చిక్కు వేరు. ప్రతి విద్యార్థీ సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవాడు. డిగ్రీ చేతికొచ్చి అతను వెళ్లిపోతే ప్రోగ్రామూ మూలపడేది. పేపర్లో బొమ్మ మిగిలేది, ఆ బొమ్మ ఎలా వచ్చిందో మిగిలేది కాదు. 1980ల చివర కాల్టెక్‌లో పుట్టిన ‘జెనెసిస్’ దానికి ఒక విరుగుడు. దాన్ని కట్టినవాళ్లలో ఒకరైన ఉపీందర్ భల్లా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో ‘మూస్’ తయారుచేశారు. కణంలోని రసాయన చర్యలనూ విద్యుత్తునూ కలిపి నడపడం దాని గొప్ప. మూస్, న్యూరాన్ రెండూ ఉచితం, కోడ్ బాహాటం. పలాస జీడిపప్పుకు గ్రేడు కట్టేది గింజను పళ్లెంలో పోసి చూశాకే. మోడల్‌కైనా అంతే, ఇంకొకరి కంప్యూటర్‌లో అదే జవాబు వస్తేనే సరుకు. తక్కినది కబుర్లని నా అభిప్రాయం.

తెలుగువాళ్లలో ఈ దారి పట్టినవారిలో ఒకరు ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ, హ్యూస్టన్ బేలర్ వైద్య కళాశాలలో ఆపై పరిశోధన చేసి తిరిగొచ్చారు. సైన్సును తెలుగులో రాస్తారు, చాలా భారతీయ భాషలకు కలిపి ‘భారతి’ అనే లిపి రూపొందించారు. అక్షరాల మీద ఆయన మమకారం ల్యాబ్‌లోకీ వచ్చింది. పార్కిన్‌సన్స్ జబ్బు పట్టినవారి చేతిరాత చిక్కిపోతుంది, కలం ఒకసారి పరుగెత్తి ఒకసారి తటపటాయిస్తుంది. ఆయన బృందం 2009లో ఆ రాతకు కంప్యూటర్ మోడల్ కట్టింది. అందులో డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని తగ్గిస్తే అక్షరం చిన్నదైంది. కలం వేగంలో ఒడిదుడుకులు మాత్రం వేరే కారణంతో పెరిగాయి: మెదడు లోతున ఎవరి లయలో వాళ్లుండాల్సిన రెండు కణసమూహాలు ఒకే తాళానికి కొట్టుకోవడం మొదలెట్టినప్పుడు.