హంసల రాకపోకలు: కవిసమయమూ, కంటిచూపూ

కార్తీకమాసంలో తెల్లవారుజామున తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని మీరు ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. బయట కోతకు వచ్చిన వరిచేలు. వాటి మీదుగా సముద్రం వైపు బారులు తీరి పోతున్న బాతులు. మీ చేతిలోని పుస్తకంలో మాత్రం, వానాకాలం రాగానే హంసలు క్రౌంచపర్వతపు కంత గుండా మానససరోవరానికి వెళ్లి, శరత్తులో తిరిగి వస్తాయనే కవిసమయం ఉంటుంది. ఆ బారుకూ ఈ కవిసమయానికీ ఏమైనా సంబంధం ఉందా?

చాలామంది విద్యార్థులు జవాబుపత్రాల్లో 'ఇది కేవలం కల్పన' అని ఒక్క మాటతో ముగిస్తారు. అది తొందరపాటు. భారతీయ సాహిత్యంలోని హంస అడవి బాతుజాతి పక్షేనని డచ్చి పండితుడు వోగెల్ ఒక గ్రంథమే రాశాడు. అది 1962లో వెలువడింది. మన దేశానికి చలికాలంలో వచ్చే పెద్దబాతుల్లో ఒకదాని తల తెల్లగా ఉండి, వెనకభాగంలో రెండు నల్లని చారలుంటాయి. దాన్ని ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లల్ని చేస్తుంది. హిమాలయాల్ని దాటేటప్పుడు ఇది 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్లు ఉపగ్రహ పరికరాలు నమోదు చేశాయి. కర్ణాటకలోని మాగడి చెరువుకు ఏటా గుంపులుగా వస్తుంది.

అంటే తిరిగివచ్చే కాలం విషయంలో కవులు చెప్పింది నిజమే. వెళ్లే కాలమే కుదరదు. ఈ బాతులు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే బయలుదేరుతాయి. తొలకరి దాకా ఆగవు. మరి కవులు ఆ ప్రయాణాన్ని మేఘాల దాకా ఎందుకు జరిపారు? నా ఊహ ఇది: విరహానికి వర్షర్తువు కావాలి, విరహికి ఉత్తరదిక్కుకు పోయే తోడు కావాలి. కాళిదాసు మేఘానికి హంసల్ని తోడుగా పంపిన తరువాత, పంచాంగం చూసి ఆ ముహూర్తాన్ని సవరించే సాహసం ఎవరు చేస్తారు? రంగు కూడా పూర్తిగా కలవదు. అమరకోశం చెప్పే రాజహంస తెల్లనిది, ముక్కూ కాళ్లూ ఎర్రనివి. ఈ పక్షి ఒళ్లు బూడిదరంగు. అందువల్ల 'హంస అంటే ఇదే' అని గీత గీసి చెప్పకండి.

శ్రీనాథుని శృంగారనైషధంలోని హంస బంగారు రెక్కలది. ఏ చెరువులోనూ అది దొరకదు. అయినా నలుడి చేతికి చిక్కినప్పుడు ముసలితల్లినీ, ఆలినీ, పసికూనల్నీ తలచుకొని ఏడ్చే ఆ ఘట్టంలో అది మన ఇంటి మనిషే అవుతుంది. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలో వజ్రనాభుని అనుమతి లేనిదే ఎవరూ అడుగుపెట్టలేని పురంలోకి శుచిముఖి అనే హంస వెళ్లగలుగుతుంది. పక్షికి సరిహద్దులు లేవన్న సంగతే అక్కడ కథను నడిపిస్తుంది. ఇవి చూసి రాసినవి కావు. చూడలేదని వీటిని తప్పుపట్టడమూ విమర్శ కాదు.

చూసి రాసిన దానికి ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో, విల్లిపుత్తూరు వర్ణనలో ఒక పద్యం ఉంది. తెల్లవారకముందు పంటబోదెల్లో బాతులు తలల్ని రెక్కల్లో దూర్చుకొని నిద్రపోతున్నాయి. కావలివాళ్లు వాటిని చూసి, స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన ధోవతులనుకుంటారు. ఇళ్లకు చేర్చుదామని రేవులోకి దిగుతారు. బాతులు లేచి పరుగుతీస్తాయి. వరిచేను కాసే పడుచులు నవ్వుతారు. దీన్ని భ్రాంతిమదలంకారమని గుర్తుపట్టి ఊరుకుంటే మార్కులు వస్తాయేమో గాని పద్యం మిగిలిపోతుంది. ఆ భ్రాంతి ఎలా నిలబడిందో చూడండి. తల కనిపించకూడదు, వెలుతురు చాలకూడదు, పిండిన బట్టకూ ముడుచుకొన్న పక్షికీ ఆకారం కుదరాలి. వీటిలో ఏది తప్పినా నవ్వు పుట్టదు. పైగా కావలివాడిది దురాశ కాదు, పోయిన సొత్తు అప్పగించే బుద్ధి. అందుకే ఆ నవ్వులో ఎగతాళి లేదు. ప్రబంధాల్లోని ఎన్నో హంసలకు బదులు నేను ఈ బాతుల్నే కోరుకుంటాను.

అయితే ఇవి వలసపక్షులా? పద్యం ఆ మాట చెప్పదు. కవి వాటిని హంసలనలేదు, బాతువులన్నాడు. అవి ఎగిరిపోలేదు, పరుగెత్తాయి. బహుశా పెంపుడువే కావచ్చు. కోతలైన చేలల్లో బాతుల మందల్ని మేపుకొనేవాళ్లను బాపట్ల, రేపల్లె ప్రాంతపు విద్యార్థులు చూసే ఉంటారు. మన తీరానికి చలికాలంలో ఉత్తరాసియా నుంచి ఎగిరివచ్చేవి సూదితోక బాతుల వంటివి. వాటి బారు వేరు, ఈ గుంపు వేరు.

అభ్యాసం: ఈ నెలలో ఒక ఉదయం మీ ఊరి కాలువగట్టు మీదికో, సూర్యలంక దారిలోని చిత్తడినేలల వైపుకో వెళ్లండి. కనిపించిన పక్షుల గురించి పది వాక్యాలు రాయండి. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్లు, తోక ఎలా ఉన్నాయో రాస్తే చాలు. తరువాత మీ పాఠ్యభాగంలోని ఏదైనా శరద్వర్ణన తీసుకొని, అందులో కవి కంటితో చూసిన మాటలేవో, పూర్వకవుల నుంచి అందుకొన్న మాటలేవో గుర్తించండి. ఎటూ తేలని మాటలుంటే వాటిని విడిగా రాసుకొని సంపర్క తరగతికి తీసుకురండి.