‘ఉచల్యా’ – దొంగతనం జమాఖర్చు

రోజులు బాగోలేకపోతే నేరాలు పెరుగుతాయని మనం తేలిగ్గా అనేస్తాం. పత్రికలూ అదే రాస్తాయి. ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి గణాంకాల సంపుటాల కన్నా మన పొరుగు జిల్లావాడు రాసిన ఒక ఆత్మకథ ఎక్కువ పనికొస్తుంది. అది లక్ష్మణ్ గాయక్వాడ్ మరాఠీ రచన ‘ఉచల్యా’. 1987లో వెలువడింది. 1988లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. రచయిత స్వగ్రామం లాతూర్ జిల్లా ధనేగావ్.

ఉచల్యా అంటే ఎత్తుకుపోయేవాడు. ఒక కులానికి లోకం పెట్టిన పేరు ఇది. ఈ కులంవాళ్లు తెలంగాణ నుంచి వచ్చామని చెప్పుకుంటారనీ, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారనీ పుణె జిల్లా పాత గెజెటీరు రాసింది. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

పుస్తకం మొదటి భాగంలో దొంగతనం ఒక కులవృత్తిలా కనిపిస్తుంది. పిల్లలకు జేబులు కత్తిరించడం నేర్పుతారు. పట్టుబడితే నోరు విప్పకుండా ఉండటానికి కొట్టి మరీ తర్ఫీదు ఇస్తారు. రాత్రిపూట పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేస్తారు, ఆడవాళ్లనీ వదలరు. దొంగసొమ్ములో వాటా మాత్రం పుచ్చుకుంటారు. తాత ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. తండ్రి కొడుకును బడికి పంపితే, ఆ రోజుల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఈ చదువువల్లే అని కులపెద్దలు గోలపెట్టారు.

ఆర్థికశాస్త్రం చెప్పే మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దొంగ కూడా లాభనష్టాలు బేరీజు వేసుకుంటాడని, శిక్ష ఖాయమైతే వెనక్కు తగ్గుతాడని 1968లో గేరీ బెకర్ సిద్ధాంతీకరించాడు. గాయక్వాడ్ చూపిన లోకంలో ఈ లెక్క తలకిందులవుతుంది. దొంగిలించినా తన్నులే, దొంగిలించకపోయినా తన్నులే. శిక్ష రెండువైపులా సమానమైతే అది లెక్కలోంచి కొట్టుకుపోతుంది. ఇక మిగిలేది ఆకలి ఒక్కటే. నిజాయితీకి ఒక్క పైసా జమ కాని ఖాతా అది. నా దృష్టిలో ఈ పుస్తకం సాధించిన గొప్ప విషయం ఇదే. రచయిత ఎక్కడా సిద్ధాంతం చెప్పలేదు, జరిగింది చెప్పాడంతే.

అలాంటప్పుడు మాంద్యం పాత్ర ఏమిటి? అమెరికాలో 1929 తర్వాతి మహామాంద్యంలో హత్యల రేటు 1933 తర్వాత తగ్గసాగింది, నిరుద్యోగం ఇంకా తీవ్రంగా ఉండగానే. 2008 సంక్షోభం వెన్నంటి 2009లో అక్కడ దొంగతనాలు, హత్యలు రెండూ తగ్గాయి. అయితే మాంద్యానికి ప్రభావమే లేదనలేం. ఫైన్‌జిల్బర్, లెడర్మన్, లోయాజా అనే ఆర్థికవేత్తలు అనేక దేశాల లెక్కలు పోల్చి 2002లో ఒక వ్యాసం ప్రకటించారు. ఆర్థికాభివృద్ధి మందగించినప్పుడు నేరం పెరగడమూ, ఆదాయాల మధ్య అంతరం ఎక్కువైన చోట హత్యలు, దోపిడీలు ఎక్కువగా ఉండటమూ రెండూ వాళ్లు చూపారు. చెడ్డకాలం వస్తుంది, పోతుంది. అంతరం మాత్రం తరతరాలు నిలిచి ఉంటుంది.

ఉచల్యాల విషయంలో ఆ అంతరానికి చట్టమే ముద్ర వేసింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. కానీ దాని స్థానంలో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలోని కులవివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే పద్ధతిని తప్పుపట్టింది. చట్టం రద్దయ్యాక డెబ్భై రెండేళ్లకు కూడా ఈ మాట చెప్పాల్సి వచ్చింది!

బ్యాంకు మనిషిగా ఒక్కమాట చేరుస్తాను. అప్పు ఇచ్చేముందు మేం చూసేవి రెండు: మనిషి ఎక్కడుంటాడు, అతనికి పూచీ ఎవరు. 1972లో బలహీనవర్గాలకు 4 శాతం వడ్డీ అప్పుల పథకం వచ్చింది. వడ్డీ తగ్గింది, మంచిదే. కానీ ముద్రపడినవాడి దగ్గర లేనివి సరిగ్గా ఆ రెండే – నిలకడైన చిరునామా, నమ్మే పొరుగువాడు.

గాయక్వాడ్ లాతూర్ నూలుమిల్లులో కార్మికుడయ్యాడు, సంఘం పెట్టాడు, ఆ కొలువు పోగొట్టుకున్నాడు. ఉద్యోగం పోయినవాడు దొంగ అవుతాడన్న సూత్రమే నిజమైతే, వంశపారంపర్యంగా ఆ విద్య తెలిసిన ఇతనే ముందు అవ్వాలి. అవలేదు. అతని చేతిలో అప్పటికి చదువుంది, పక్కన నిలబడే మనుషులున్నారు.

లోపం చెప్పకపోతే విమర్శ కాదు. రెండో భాగంలో సభలు, మోర్చాలు, సంఘాల వివరాలు వరసగా వచ్చి పడతాయి. మొదటి భాగంలో ఇంటిల్లిపాదీ మన కళ్లముందు మసలుతారు. ఇక్కడ కార్యకర్త నివేదిక చదువుతున్నట్టుంటుంది. ఆడవాళ్లు పడ్డ బాధ కనిపిస్తుంది గాని, వాళ్ల మనసులో మాట తక్కువగా వినిపిస్తుంది.

అయినా మరాఠీ చదవగలిగిన నాందేడ్ తెలుగువాళ్లం మూలంలోనే చదవాల్సిన పుస్తకం ఇది. ఏ వాడలోనైనా చోరీ జరిగితే మొదట ఎవరి గుడిసె తలుపు తడుతున్నారో, అది ఏ సాక్ష్యం మీద తడుతున్నారో అడగడం దీన్ని చదివినవాళ్లకు అలవాటు కావాలి.