నల్ల మెట్ల మీద నడక

మనసు బాగాలేనప్పుడు పాట వినడం వేరు, వాయించడం వేరు. వింటున్నప్పుడు పాట ఒక పక్క నడుస్తుంటే దిగులు ఇంకో పక్క తన పని తాను చేసుకుపోతుంది. పియానో వాయించేటప్పుడు దానికి ఆ వీలు ఉండదు. కుడిచేతి చిటికెనవేలు ఎక్కడ దిగాలో, ఎడమచేయి ఎప్పుడు లేవాలో చూసుకోవాలి. పది వేళ్ళకూ పని పడ్డాక, పొద్దుటి నుంచి బుర్రలో తిరుగుతున్న ఒకే ఒక్క మాటకు చోటు తగ్గిపోతుంది. దిగులు పోయిందని కాదు, కాసేపు పక్కకు జరిగి కూర్చుంటుంది. ఆ కాసేపు ఎంత పెద్దదో కుంగిపోయినవాళ్ళకే తెలుసు.

దొరవారిసత్రంలో పియానో ఏంది అనొచ్చు. నిజమే, మా ఊళ్ళో నేను పియానో చూడలేదు. అసలు పియానోకు 88 మెట్లు, తెల్లవి 52, నల్లవి 36. లోపల రెండు వందలకు పైగా ఉక్కు తీగలు, వాటి లాగుడుకు ఆగడానికి పోత ఇనుప చట్రం, తీగల కింద పల్చటి చెక్క పలక. పులికాట్ సరస్సు మీదుగా వచ్చే ఉప్పుగాలి ఈ ఇనుముకూ చెక్కకూ పడదు. తీగ తుప్పు పడుతుంది, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారిపోతుంది. శ్రుతి చేసే మనిషి కావాలంటే చెన్నై నుంచి పిలిపించుకోవాలి. అందుకని మా వైపు ఇళ్ళలో ఉండేది 61 మెట్ల కీబోర్డు. నా దగ్గర ఉన్నదీ అదే. వేలి బరువును బట్టి శబ్దం హెచ్చేది, తగ్గేది చూసి కొనుక్కున్నాను. ఆ ఒక్క గుణం లేకపోతే మాత్రం కొనకండి. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకేలా మోగే వాయిద్యం దగ్గర మనసులోని బరువు వేలి దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది.

కీబోర్డుకు ముందు మన ఊళ్ళను ఏలింది హార్మోనియం. 1842లో పారిస్‌లో దెబాఁ అనే అతను పేటెంటు తీసుకున్న కాలితో తొక్కే వాయిద్యం అది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి కొట్టుకుంటూ వాయించేలా మార్చాడు. అక్కడి నుంచి అది భజన గుడికీ పద్యనాటకానికీ హరికథకూ చర్చికీ వచ్చేసింది. సినీ గాయకుడు, మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారు కూడా హరికథలు చెప్పే తండ్రి సాంబమూర్తి గారి ఇంట్లో చిన్నప్పుడే హార్మోనియం, వేణువు పట్టుకున్నవారే.

ఆ హార్మోనియాన్ని 1940లో ఆలిండియా రేడియో తన స్టేషన్ల నుంచి బహిష్కరించింది. మూడు దశాబ్దాల తర్వాతగానీ ఆ పట్టు సడలలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న సన్నటి స్వరాలు అందులో పలకవు, గమకం రాదు అన్నది పెద్దల అభ్యంతరం. పియానో మీదా అదే ఫిర్యాదు చేయవచ్చు. అది న్యాయమైన ఫిర్యాదే, కచేరీకి. తలుపు దగ్గరగా వేసుకుని ఒంటరిగా కూర్చున్న మనిషికి గమకం లేదన్న లోటు అంతగా తగలదు. ఏడుపు గొంతులో ఉన్నప్పుడు పాడలేం, గొంతు పూడుకుపోతుంది. వేళ్ళు పూడుకుపోవు. ఒక మెట్టు నొక్కితే శ్రుతి తప్పని ఒక స్వరం వస్తుంది. ఆ పూటకు అదే పదివేలు.

హార్మోనియానికీ పియానోకూ ఉన్న ఇంకో తేడా నాకు అమ్మ చనిపోయిన ఏడాది తెలిసొచ్చింది. హార్మోనియంలో తిత్తి ఆడినంతసేపూ స్వరం నిలబడే ఉంటుంది. పియానోలో అలా కాదు. సుత్తి వెళ్ళి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, ఇక ఆ మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లుతుంది. వేలు తీయకుండా ఎంత గట్టిగా అదిమిపట్టినా ఆగదు. కీబోర్డులోని పియానో శబ్దాన్నీ అలాగే తగ్గిపోయేలా చేసి పెట్టారు. ఆ రోజుల్లో నేను ఒక్కో స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా వినేదాన్ని, తర్వాతే ఇంకోటి నొక్కేదాన్ని. దాన్ని సంగీతం అని ఎవరూ అనరు. నాకు అది ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నట్టే ఉండింది.

కుంగిన రోజున ఏం వాయించాలి? కొత్తది మాత్రం వద్దు. కొత్త పాట నేర్చుకోవడానికి ఓపికా ఉత్సాహమూ కావాలి, ఆ రోజు లేనివే ఆ రెండూ. వేళ్ళకు బాగా అలవాటైనదీ, నెమ్మదిగా వాయించినా చెడనిదీ కావాలి. నావరకు అది జర్మన్ స్వరకర్త బాక్ రాసిన సి మేజర్ ప్రెల్యూడ్. అందులో పెద్ద రాగం తీసేదేమీ లేదు. ఎడమచేయి రెండు స్వరాలు మోగిస్తుంది, కుడిచేయి పైకి ఎక్కుతూ మూడు, వెంటనే మళ్ళీ ఆ మూడే. మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదినే ఇంకోసారి, అంతటితో ఒక బార్. తర్వాతి బార్‌లో ఒకటో రెండో వేళ్ళు పక్కకు జరుగుతాయి, వరస అదే. మొత్తం 35 బార్లలో చివరి మూడింటి దాకా ఇదే నడక. మధ్యలో స్వరాలు ఒరుసుకుని గుండెలో కలుక్కుమనే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ చేయి ఆగదు, అదే వరసలో ఆ ముల్లును దాటుకుని ముందుకు పోతుంది. ఎన్నిసార్లు వాయించినా ఆ దాటడం దగ్గర నాకు కళ్ళు చెమరుస్తాయి.

దాని వెనక ఒక కథ ఉంది. 1720 జనవరిలో బాక్ తన పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక సంగీతపు నోటుపుస్తకం మొదలుపెట్టాడు. పిల్లాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ జూలైలో ఆ పిల్లాడి తల్లి చనిపోయింది. బాక్ తన ప్రభువు వెంట కార్ల్స్‌బాడ్‌లో ఉన్నాడు, తిరిగి ఇల్లు చేరేసరికి ఆమెను పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఈ ప్రెల్యూడ్ తొలి రూపం తర్వాత ఆ నోటుపుస్తకంలోనే చేరింది. 1722లో బాక్ కూర్చిన పెద్ద సంపుటానికి మొట్టమొదటి రచన అయింది. సెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ తొంభై ఏళ్ళు దాటాక చెప్పుకున్న జ్ఞాపకాల్లో, ఎనభై ఏళ్ళుగా ప్రతి పొద్దూ పియానో దగ్గరికి వెళ్ళి బాక్ రాసిన ప్రెల్యూడ్లూ ఫ్యూగులూ రెండేసి వాయించుకున్నాకే రోజు మొదలుపెడతానన్నాడు. ఆయన వాయిద్యం సెల్లో. అయినా తనకోసం తాను కూర్చునేది పియానో ముందే.

బాక్ రానివాళ్ళ సంగతేంటి? అసలు మెట్ల మీద ఎప్పుడూ చేయి పెట్టనివాళ్ళ సంగతి? వాళ్ళకు నల్ల మెట్లు ఉన్నాయి. నేను అందరికీ చెప్పేది ఇదే. కీబోర్డు మీద నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. తెల్లవాటి జోలికి పోకుండా ఆ అయిదింటి మీదే నడవండి. ఏది నొక్కినా పక్కదానితో కలుస్తుంది, అపస్వరం వచ్చే దారే లేదు. మూడింటి గుంపులో మొదటి మెట్టును షడ్జం చేసుకుంటే వచ్చేది మోహన. అదే గుంపులో రెండోదాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని చేసుకుంటే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది శుద్ధ సావేరికి, రెండోది శుద్ధ ధన్యాసికి. మెట్లు ఆ అయిదే, ఎక్కడ కుదురుకున్నామన్నదే మారుతుంది. మన సంగీతంలో గ్రహభేదం అని విద్వాంసులు చేసి చూపించేది ఇదే. గమకం లేకుండా ఇవి రాగాల ఎముకల గూడు మాత్రమే, ఒప్పుకుంటాను. ఎడమచేతితో షడ్జాన్ని కింది స్థాయిలో నొక్కి ఉంచి, కుడిచేతి వేళ్ళను తోచినట్టు తిరగనివ్వండి. ఆ ఎముకల గూడే మెల్లగా కదలడం మొదలుపెడుతుంది.

నేనైతే దిగులుగా ఉన్నప్పుడు మోహనతో మొదలుపెట్టను. అది మరీ వెలుగు, కళ్ళకు గుచ్చుకుంటుంది. శుద్ధ ధన్యాసిలో చాలాసేపు తిరుగుతాను. తర్వాత ఎడమచేతి వేలు ఒక్కటి జరిపి మోహనకు వస్తాను. 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే అమెరికా మానసిక వైద్యుడు, రోగి ఏ మనఃస్థితిలో ఉన్నాడో ఆ సంగీతంతోనే మొదలుపెట్టి మెల్లగా అవతలికి తీసుకెళ్ళాలని చెప్పాడు. మన ఊళ్ళలో పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు పక్కన కూర్చుని మనతోపాటు ఏడుస్తారు, ఆ తర్వాతే లేచి రెండు ముద్దలు తినమంటారు. వచ్చీరాగానే నవ్వించబోయేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. హుషారు పాట పెట్టుకో, అదే సర్దుకుంటుంది అని చెప్పేవాళ్ళతో నాకు పేచీ అందుకే.

రెండో ప్రపంచ యుద్ధంలో హెరాల్డ్ రోడ్స్ అనే పియానో మాస్టారు అమెరికా వైమానిక దళంలో ఉండేవాడు. గాయపడి మంచం దిగలేని సైనికుల కోసం, ఒళ్ళో పెట్టుకుని వాయించుకునేలా 29 మెట్ల చిన్న పియానో తయారుచేశాడు. తీగలు దొరకవు కాబట్టి బి-17 బాంబర్ విమానాలకు వాడే అల్యూమినియం గొట్టాలను కోసి వాటితో మోగించాడు. అలాంటివి వేలల్లో తయారై ఆస్పత్రులకు చేరాయి. తర్వాతి కాలంలో ఆయన పేరుతో వచ్చిన ఎలక్ట్రిక్ పియానో శబ్దం లోకమంతా విన్నదే. దాని పుట్టుక మాత్రం ఆస్పత్రి మంచం మీద. ఆ సైనికులకు కచేరీలు వినిపించి ఊరుకోలేదు, వాళ్ళ వేళ్ళకే పని ఇచ్చారు. ఆయన మీద నాకున్న గౌరవమంతా అందుకే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా మీదుగా బాపట్ల వైపు పోయినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు, బయట వాన తప్ప ఇంకేమీ వినపడదు. కీబోర్డులో బ్యాటరీలు వేసుకుని వాయించుకున్నాను. పక్కింటామె గోడ అవతల నుంచి, “అక్కా, ఇందాక వాయించినావు గదా, అదే మళ్ళీ వాయించు, పిల్లోడు భయపడకుండా పడుకున్నాడు” అంది. నేను వాయించింది నాకోసం. అది గోడ దాటి వెళ్ళిందని అప్పటిదాకా తట్టనేలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్రా ఆకలీ పోతే, బతకాలనిపించకపోతే అది పియానోతో తీరేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి ఉంది, 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. వాయిద్యం ఉంది కదా అని ఆ ఫోన్ మానుకోవద్దు. చేశాక వచ్చి వాయించుకోండి, రెండూ కలిసి పనిచేస్తాయి.

తుపాను రాత్రి నిద్రపోయిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఆదివారం పొద్దున వస్తున్నాడు. నల్ల మెట్లతోనే మొదలుపెట్టించాను. మూడో వారానికి మూడింటి గుంపులో చివరి మెట్టు దగ్గర ఆగి, “అత్తా, ఇక్కడ నుంచి పోతే వేరేగా ఉంది” అన్నాడు. హిందోళం పేరు చెప్పాను, నోటుబుక్కులో రాసుకున్నాడు. తెల్ల మెట్ల మీదికి ఎప్పుడు దిగుదామని అడుగుతున్నాడు. వచ్చే వారం బాక్ మొదటి బార్ చూపిస్తాను. వాడి చిటికెనవేలు అంత దూరం అందుతుందో లేదో చూడాలి.